బెల్లం లేని కాఫీ

మా ఇంట్లో కాఫీ పెట్టడానికి సరిగ్గా నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల గురించి చెప్పి చెప్పి వనపర్తిలో చాలామందిని విసిగించాను. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు కొలతలు, ఉష్ణోగ్రతలు చెప్పిన మనిషి చేతికి కొండ కాఫీ చిక్కితే ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

గింజలు అప్పటికప్పుడు మరలో వేసి తిప్పుకోవాలి. పొడి బొంబాయి రవ్వంత ఉండాలి, ఇంకా మెత్తగా అయితే చేదెక్కుతుంది. పదిహేను గ్రాముల పొడికి రెండు వందల నలభై గ్రాముల నీళ్లు. నీళ్లు తెర్లినాక మూత తీసి అర నిమిషం ఆగాలి. గాజు జాడీ మీద గరాటు, గరాటులో కాగితం. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయాలి, లేకపోతే కాఫీకి కాగితం వాసన అంటుకుంటుంది. మొదట పొడి తడిసేంత నీళ్లే పోసి ముప్పై సెకన్లు ఊరుకోవాలి. తాజా పొడి అయితే పొంగి బుడగలు వస్తాయి. లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందని నేను చెప్పేవాణ్ణి. "దమ్ము తీస్తుంది" అనేది మా అమ్మ. ఆ తర్వాత సన్నటి ధారతో మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు తిప్పుతూ పోయాలి. బోరు నీళ్లు పనికిరావు. మా పాలమూరు బోరు నీళ్లకు కందిపప్పే ఉడకదు, ఇక కాఫీ ఏం దిగుతుంది? ఫిల్టర్ నీళ్ల క్యాను తెచ్చుకోవాలి. పాలు వద్దు. చక్కెర అసలే వద్దు.

ఇదంతా నేను మా అమ్మకు నేర్పాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. మా అమ్మ పదకొండు చలికాలాలు కాఫీ పండ్లు తెంపిన మనిషి.

మాది గద్వాల దాటి రాయచూరు వైపు పోతే వచ్చే ఊరు. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. దీపావళి వెళ్లగానే అమ్మ, ఆమె చెల్లెలు మా చిన్నమ్మ ఇద్దరూ గుంపు మేస్త్రి వెంట కర్ణాటకలో కాఫీ కొండలకు వెళ్లేవాళ్లు. మళ్లీ శివరాత్రికే రావడం. అమ్మ వెళ్లేముందు నన్ను గద్వాల హాస్టల్లో దింపి, చెవి మెలేసి "మంచిగ సదువు" అని చెప్పి, వెనక్కి చూడకుండా నడిచిపోయేది. ఆదివారాలు మిగతా పిల్లల తల్లులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. నేను గోడకు ఆనుకుని కూర్చుని శివరాత్రికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకునేవాణ్ణి. శివరాత్రికి వచ్చిన అమ్మ చేతులు నల్లగా, జిగటగా ఉండేవి, ఏదో పులిసిన వాసన వేసేవి. ఆ చేతులతో నా మొహం పట్టుకుంటే నేను మొహం తిప్పుకునేవాణ్ణి. నాలుగు నెలలు వదిలి పోయిందన్న కోపం నాది.

న్యాయంగా అయితే కాఫీ అంటే నాకు పడకూడదు. మా అమ్మతో గడపాల్సిన కాలంలో మూడో వంతు ఆ కొండ మీదే అయిపోయింది. అలాంటిది నలభై దాటాక దాని మీదే మోజు పడ్డాను. బెంగళూరులో శిక్షణకు వెళ్లినప్పుడు తోటి లెక్చరర్ ఒకాయన ఒక కాఫీ దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ పాలూ చక్కెరా లేని కాఫీ తాగితే నాలుక చివర నారింజ తొనలాంటి తీపి తగిలింది. అంత ఆశ్చర్యం నాకు చాలా ఏళ్లుగా లేదు. గరాటు, కాగితాలు, త్రాసు, మర అన్నీ మోసుకుని వనపర్తి చేరాను. గింజల ప్యాకెట్టు మీద కొండ పేరు, సముద్రమట్టానికి ఎంత ఎత్తో, పండ్లు ఎలా తెంపారో అన్నీ రాసి ఉన్నాయి.

అమ్మ అప్పటికే ఊళ్లో ఇల్లు తాళం వేసి మా దగ్గరికి వచ్చేసింది. ప్యాకెట్టు మీది కొండ పేరు చదివి వినిపించాను. తను ఎరిగిన కొండ పేరు వినగానే అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"ఏదీ, ఇటియ్యి" అంది.

నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని బొటనవేలితో దొర్లించింది. ఒకటి పంటి కింద పెట్టి పటుక్కుమనిపించింది.

"ఇవి మీది తోటలయి" అంది.

"నీకెట్ల తెల్సు?"

"గింజ సూడు. సిన్నగ, గట్టిగున్నది. మీద సలి ఎక్కువ కొడుకా. ఆడ పండు తొందరపడదు, మెల్లగ పండుతది. కింది తోటల జల్ది పండుతది, గింజ బోలుగుంటది. మీది తోటల తెంపాలంటే నడుములు పోతుండె. ఎర్రటిదే తెంపాలె. ఒక్క పచ్చికాయ పడినా మేస్త్రి గంప కింద గుమ్మరిస్తుండె."

ఎత్తు పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుందని, పండు నిదానంగా పండి గింజలో చక్కెరలు నిండుతాయని, గింజ దట్టంగా అవుతుందని తర్వాత నేను చాలా చదివాను. అమ్మ నాలుగు మాటల్లో తేల్చిన దానికి నాకు నలభై పేజీలు పట్టింది.

మరి మీరేం తాగేవాళ్లని అడిగాను. పండ్లు నీళ్ల తొట్టిలో పోస్తారట. మునిగిన మంచివి తోట దొరకు, తేలిన తాలువి కూలోళ్లకు. ఆ తేలిన వాటిని ఎండబెట్టి, పెంకు మీద వేయించి, దంచి, బెల్లం వేసి మరగబెట్టుకునేవాళ్లట. బెల్లద కాఫీ అంటారక్కడ. "పొద్దుగాల గది కడుపుల పడకుంటే సేతులు వంగకపోతుండె" అంది.

"ఇగ సూడు. ఈ తాప మునిగినవి తాగుతవ్" అన్నాను, ఎంతో గొప్పగా. ఆ కొండ మీద అమ్మకు దక్కనిది నేను ఇప్పిస్తున్నానన్న పొగరు నాకు తలకెక్కింది.

అలా మా ఇంట్లో ఆదివారం కాఫీ మొదలైంది. నా భార్య ఉద్యోగం నాగర్‌కర్నూలులో, వారమంతా తెల్లారే బస్సెక్కే మనిషి, ఆదివారం ఆలస్యంగా లేస్తుంది. నేను వంటింట్లోకి వచ్చేసరికి అమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని, చిన్న స్టూలు మీద కూర్చుని ఉండేది. నా ఫోను గడియారంగా త్రాసు పక్కన ఉండేది కాబట్టి ఆ నాలుగు నిమిషాలు అది నా చేతిలో ఉండేది కాదు. అమ్మ ఏవో చెప్పేది. కొండ మీద జలగలు కాళ్లకు పడితే ఉప్పు రుద్దడం, గోనెసంచి మడిచి టోపీలా కప్పుకోవడం, ఒకసారి ఏనుగు తోటలోకి వస్తే మేస్త్రే అందరికంటే ముందు పరిగెత్తడం. హాస్టల్లో నేను ఏం తినేవాణ్ణని అడిగేది. సలిల కప్పుకోనీకి ఉంటుండెనా అని అడిగేది.

"ఆగమ్మా, లెక్క తప్పుతది" అనేవాణ్ణి నేను. నా కళ్లు సెకన్ల మీద ఉండేవి.

అమ్మ ఆగేది. కాఫీ దిగాక తెల్ల కప్పులో పోసి ఇచ్చేవాణ్ణి. "సాకు" అనేది, చాలు అని, కన్నడంలో. మొదటి గుక్క తాగగానే నేను మొహంలోకి మొహం పెట్టి అడిగేవాణ్ణి.

"ఎట్లుంది?"

"మంచిగుంది."

"ఆఖరికి తియ్యగ తగుల్తుందా? పండు లెక్క?"

అమ్మ నా వైపు ఓసారి చూసి, "తగుల్తుంది" అనేది.

రెండో ఏడు చలికాలంలో చిన్నమ్మ కంటి పరీక్షకు వనపర్తి దవాఖానకు వచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి చిన్నమ్మ ఊరి బస్సెక్కేసింది. ఇల్లంతా బెల్లం వాసన. పొయ్యి మీద పాలగిన్నె అడుగున నల్లటి మడ్డి. కొత్తగా విప్పిన ప్యాకెట్టు సగం ఖాళీ. అమ్మ ఆ గింజలను మిక్సీలో వేసి, పిడికెళ్ల కొద్దీ, బోరు నీళ్లలో, బెల్లంతో ఉడకబెట్టింది. గట్టు మీద స్టీలు గ్లాసు ఒకటి మూతపెట్టి ఉంది.

"నీకు ఉంచిన కొడుకా. ఎచ్చగనే ఉన్నది" అంది అమ్మ. ఆమె మొహం వెలిగిపోతోంది. చెల్లెలితో కూర్చుని ఎన్నేళ్లకో మళ్లీ కొండ కాఫీ తాగిన సంబరం అది. అది నాకు ఇవాళ తెలుస్తోంది. ఆ రోజు నాకు సగం ఖాళీ ప్యాకెట్టే కనిపించింది.

"ఏంది అమ్మా ఇది! టీ అనుకున్నవా ఉడకబెట్టనీకి? బెల్లమేస్తే దాని రుచి ఏముంటది? నీకేం తెల్సు కాఫీ సంగతి?" అన్నాను. ఆ గ్లాసు తీసి సింకులో పోశాను.

ఆ కాఫీ దిగిపోయేదాకా అమ్మ సింకు వైపే చూసింది. "నాకేం తెల్సు కొడుకా. తెంపిన, గంతే" అంది. అని గిన్నె తోముకోవడానికి పీట వాల్చుకుంది.

గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు. ఆ వంటింట్లో ఆ రోజు గాడిద ఎవరో నాకు తెలియలేదు. సాయంత్రానికి నా కోపం పోయింది, నేనూ మరిచిపోయాను. అమ్మ మళ్లీ ఆ గింజలు ముట్టలేదు. ఆదివారం మాత్రం ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చునేది, ఇచ్చింది తాగేది, మంచిగుంది అనేది. అమ్మకు నిజమైన రుచి పట్టుబడిందని నేను కాలేజీలో కూడా చెప్పుకున్నాను.

ఆ మధ్య అమ్మ దిండు చుట్టూ చీమలు పట్టడం మొదలైంది. నా భార్య దుప్పటి దులిపితే దిండు కింద కాగితంలో చుట్టిన బెల్లం ముక్క దొరికింది. ఇంకోసారి చీర కొంగు ముడిలో దొరికింది. పెద్దవాళ్ల చాదస్తం అని ఇద్దరం నవ్వుకున్నాం. "సిన్నపిల్లవా అమ్మా, దొంగతనంగ బెల్లం తింటున్నవ్?" అని నేను ఆట పట్టిస్తే అమ్మ కూడా నవ్వింది. ఎందుకని మాత్రం మేము అడగలేదు.

కొండ చలి ఇచ్చిన దమ్ము జబ్బు అమ్మ రొమ్ములో ముందు నుంచీ ఉంది. పోయిన చలికాలం అది ఎక్కువైంది. చివరి ఆదివారం నాకు బాగా గుర్తు. మర్నాటికి పరీక్షల పని, వరండాలో కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. అమ్మ స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసి, గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చింది.

"ఇయ్యాల కాఫీ పెట్టవా?"

"టైం లేదమ్మా. వచ్చే ఆదివారం రెండుసార్లు పెడ్త."

"సరే తియ్" అని లోపలికి పోయింది. బుధవారం దమ్ము ఎగబోసింది. దవాఖానకు తీసుకుపోయాం. శుక్రవారం తెల్లవారేసరికి అమ్మ లేదు.

ఊరికి తీసుకుపోయి మా చేను గట్టున, నాన్న పక్కన పెట్టాం. మూడో రోజు మా దగ్గర పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, అందరూ దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కొరత మిగిలిపోయిందని అర్థం. అది ఏమిటో అయినవాళ్లు కనిపెట్టి, ఆ పని చేస్తామని పైకి మాట ఇవ్వాలి. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. అయినా అమ్మ కొరత ఏమిటో నాకు ముందే తెలుసనుకున్నాను. ముందు రోజు రాత్రి వనపర్తికి వచ్చి, ఆ తెల్లవారుజామునే ఇంట్లో త్రాసు పెట్టి, ఫిల్టర్ నీళ్లతో, సెకను తప్పకుండా కాఫీ దించి ఫ్లాస్కులో పోసుకున్నాను. రెండుసార్లు పారబోసి మూడోసారి కుదిర్చాను. మిగిలిన గింజల డబ్బా, మర కూడా సంచిలో వేసుకున్నాను, అక్కడే వదిలేసి రావాలని. ఇక ఆ కాఫీ నా ఇంట్లో పెట్టే ధైర్యం నాకు లేదు.

విస్తరిలో జొన్నరొట్టె, కోడికూర, పచ్చి పులుసు, బూరెలు. పక్కన తెల్ల కప్పులో నా కాఫీ. కాకులు కరెంటు తీగ మీదే కూర్చున్నాయి. ఒకటి దిగి వచ్చి, కప్పు దాకా నడిచి, తల వాల్చి చూసి లేచిపోయింది. గంట గడిచింది. ఎండ ముదిరింది. ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇచ్చారు. ఇల్లు పాడు పెట్టబోమని, చేను అమ్మబోమని అన్నారు. నేను పోయి, "వచ్చే ఆదివారం పెడ్తన్న కదమ్మా. గిదిగో, తెచ్చిన" అన్నాను.

కాకి రాలేదు.

చిన్నమ్మ వచ్చి వంగి కప్పు తీసింది. ఆమె చర్చికి పోయే మనిషి, ఇవన్నీ పట్టించుకోదు, అక్క కోసం నిలబడింది. వాసన చూసి నా మొహం చూసింది.

"ఏంది కొడుకా ఇది? బెల్లమేది?"

"అమ్మ గిట్లనే తాగుతుండె చిన్నమ్మా. బెల్లం లేకుండనే. గిదే ఇష్టం ఆమెకు."

"ఎవరు సెప్పిండ్రు నీకు?"

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుండె మీ అమ్మ. విషం లెక్క ఉంటది సెల్లే, ఒక్క గుక్క దిగదు అంటుండె. మరి ఎందుకు తాగుతవ్, వద్దని సెప్పరాదూ అని నేనంటే, వద్దంటే కొడుకు పెట్టడు గద అంటుండె. అది పెట్టినంతసేపు నా ముంగట నిలవడతడు, ఫోన్ పక్కన పెడ్తడు, నాలుగు నిమిషాలు నాతోని ఉంటడు అంటుండె. సిన్నప్పుడు నేనే వాణ్ణి ఇడిసిపెట్టి పోతి, ఇప్పుడన్న వాని దగ్గర కూసుంట అంటుండె. నువ్వు అటు పోంగనే ఇంత బెల్లం నోట్లె ఏసుకుంటుండె, సేదు పోవాలెనని."

దిండు కింది కాగితం, కొంగు ముడి, చీమలు అన్నీ నాకు అక్కడ అర్థమయ్యాయి. ఆగమ్మా లెక్క తప్పుతది అని ఎన్ని ఆదివారాలు అన్నానో, ఆ లెక్క మాత్రం నా దగ్గర లేదు. చలిలో కప్పుకోవడానికి ఉండేదా అని అమ్మ అడిగిన దానికి నేను ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. ఉండేది కాదమ్మా. నీ పాత చీర ఒకటి ఉండేది, దాన్నే నాలుగు మడతలు వేసుకునేవాణ్ణి. ఇంతే చెప్పాల్సింది. దీనికి నాలుగు నిమిషాలు కూడా అక్కర్లేదు.

చిన్నమ్మ నన్ను ఓదార్చలేదు. మూడు రాళ్లు పేర్చి, కంది కట్టె విరిచి మంట పెట్టింది. నా సంచిలోంచి గింజల డబ్బా తీసి, మర వైపు చూడనైనా చూడకుండా, రాతి మీద పోసి ఇంకో రాతితో నలగ్గొట్టింది. చేనులో బోరు నీళ్లు గిన్నెలో పట్టింది. ఫిల్టర్ నీళ్లున్నాయని చెప్పబోయి నోరు మూసుకున్నాను. నీళ్లు తెర్లినాక పొడి వేసి, అరచేతిలో పట్టేంత బెల్లం వేసి, పొంగినప్పుడల్లా గిన్నె దించి మళ్లీ పెట్టింది. ఒక స్టీలు గ్లాసులో పోసి విస్తరి దగ్గర పెట్టి వచ్చింది. మిగతాది అందరికీ తలా ఇంత పోసింది. అందరం నీడకు జరిగి కింద కూర్చున్నాం.

అప్పుడు కాకి వచ్చింది. గ్లాసు వైపు వెళ్లలేదు, రొట్టె ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. ఆడవాళ్లు చేతులు జోడించారు. మేం అంతసేపూ నిలబడి కదులుతున్నందుకే అది దిగలేదని, ఇప్పుడు కూర్చుని కదలకుండా ఉన్నందుకే దిగిందని కెమిస్ట్రీ చెప్పే బుర్ర చెప్పింది. చెప్పనీ అనుకున్నాను.

చిన్నమ్మ నా చేతిలో గ్లాసు పెట్టింది. ఆ రోజు వంటింటి గట్టు మీద మూతపెట్టి, ఎచ్చగనే ఉన్నదని అమ్మ నాకు చూపించింది ఇదే. నేను ఒక్క చుక్కైనా నోట పెట్టకుండా సింకులో పోసింది ఇదే. గ్లాసు వేడి అరచేతులకు తగిలింది. తాగాను. గొంతులోంచి కడుపు దాకా బెల్లం వెచ్చగా దిగింది.

"ఎట్లుంది కొడుకా?" అని అడిగింది చిన్నమ్మ.

"మంచిగుంది" అన్నాను. అమ్మలాగా అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు.